ఎర్రనీరు రాక్షసుడి రక్తమని పిల్లల కథలో రాయొచ్చా?

నరసాపురం ఆడపడుచు:
మా ఇంటి పిల్లల కోసం ఒక బొమ్మల కథ తయారుచేస్తున్నాం. రాసేది నేను, బొమ్మలు మా తమ్ముడివి. ఎనిమిదేళ్ల పిల్ల తాతయ్యతో కలిసి నాటుపడవలో నరసాపురం రేవు నుంచి అంతర్వేది వెళ్తుంది. అక్కడి స్థలపురాణం చాలామందికి తెలుసు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తావలోచనుడు వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని చంపేస్తాడు. వాడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుడతారు. నరసింహస్వామి యుద్ధానికి దిగినప్పుడు అశ్వరూఢాంబ నాలుక చాచి, ఆ నెత్తురు నేల మీద పడకుండా పట్టింది. మా కథలో జూలైలో గోదారికి ఎర్రనీరు వస్తుంది. అది చూసి రాక్షసుడు మళ్లీ లేచాడనుకుంటుంది పిల్ల. ఇంట్లో గొడవ ఇక్కడే మొదలైంది. పురాణానికి మన సొంతం కలపకూడదంటాడు పెద్దన్నయ్య. మీరేమంటారు?

సఖినేటిపల్లి వాసి:
మీ అన్నయ్యగారి మాటే నాదీనండి. ఆ నెత్తురు ఏమైందో స్థలపురాణమే చెప్పింది కదా, రక్తకుల్య అనే ఏరుగా పారిందని. మీరు తెచ్చి గోదాట్లో కలిపేస్తే ఎలా? పిల్లలు బొమ్మలో చూసిందే నిజమనుకుంటారు. రేపు గుడిలో పెద్దవాళ్లు అసలు కథ చెబితే అదే తప్పంటారు.

ధవళేశ్వరం మాస్టారు:
నా అభ్యంతరం వేరు. ఎర్రనీరంటే ఒండ్రు. ఎగువనుంచి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చే మట్టి. మన డెల్టా అంతా ఏళ్ల తరబడి ఆ మట్టి పేరుకుని ఏర్పడిందే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవల్లో పడి చేలకు చేరిందీ ఈ నీరే. పులస ఎదురీదుకుంటూ వచ్చేదీ ఈ నీటికే. దాన్ని రాక్షసుడి నెత్తురని బొమ్మ వేస్తే, అన్నం పెట్టే మట్టిని చూసి పిల్లలు జడుసుకోరూ?

నరసాపురం ఆడపడుచు:
మాస్టారూ, మీరన్నది నాకు తట్టలేదు. నిన్న రాత్రంతా అదే ఆలోచించాను. అయినా భయాన్ని మాత్రం కథలోంచి తీసేయలేను. 1986 వరదప్పుడు మా నాన్న ఏటిగట్టు మీద మూడు రాత్రులు గడిపారు. ఆ నీళ్ల రంగు చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన గొంతు తగ్గిపోతుంది. ఆయన మనవరాలికి ఆ రంగు చూస్తే భయం వేయడం అబద్ధం ఎలా అవుతుంది?

అసలు ఆ పురాణంలో నన్ను పట్టుకున్నది ఒక్కటే. ఎంత కొడితే అంత పెరిగేవాడి నెత్తుర్ని ఒక తల్లి ఒడిసిపట్టింది. మా కథలో ఆ పని నాయనమ్మ చేస్తుంది. పిల్ల రేవులోంచి ఎర్రనీళ్లు బిందెతో తెచ్చి "ఇదిగో, వాడి నెత్తురు" అంటుంది. నాయనమ్మ కాదనదు, అవుననదు. చిల్లగింజ అరగదీసి ఆ నీళ్లలో కలిపి మూత పెడుతుంది. తెల్లారేసరికి పైన తేటనీరు, అడుగున మెత్తటి ఒండ్రు. పిల్ల ఆ ఒండ్రు తీసి కొబ్బరిమొక్క మొదట్లో వేస్తుంది. నెత్తురన్న మాట పిల్ల నోట మాత్రమే ఉంటుంది, కథ చెప్పేవాళ్ల నోట ఉండదు.

సఖినేటిపల్లి వాసి:
ఇలాగైతే నాకు అభ్యంతరం లేదండి. తాతయ్య చేత రక్తకుల్య పేరు మాత్రం తప్పకుండా చెప్పించండి. అంతర్వేదిలో దిగగానే చెప్పిస్తే బాగుంటుంది.