అప్‌డేట్: సైన్స్ ఫిక్షన్‌కు గీటురాయి ఏమిటి?

అంతరిక్ష నౌకలు లేదా రోబోలు ఉన్నంత మాత్రాన ఒక కథ సైన్స్ ఫిక్షన్ అవుతుందా అని ఇంతకుముందు అడిగాను. వచ్చిన సమాధానాల్లో, విమర్శకుడు డార్కో సువిన్ 1979 నాటి తన గ్రంథంలో వివరించిన ‘నోవమ్’ అనే భావన నన్ను బాగా ఆలోచింపజేసింది. అంటే, మన అనుభవంలో లేని ఒక కొత్త అంశం కథా లోకాన్ని మార్చివేయాలి, ఆ మార్పు తర్కానికి నిలవాలి.

ఈ దృష్టితో 1818లో వెలువడిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల మళ్లీ చదివాను. అందులో నిర్జీవ దేహానికి ప్రాణం పోసేది మంత్రగాడు కాదు, రసాయన శాస్త్రం చదువుకున్న యువకుడు. ఆ ఆకారం కాంతిలేని పసుపుపచ్చని కన్ను తెరిచిన క్షణం నుంచి, సృష్టించినవాడి బాధ్యత ఎంతవరకన్న ప్రశ్నే కథను నడిపిస్తుంది.

కాంతిని మించిన వేగాన్ని నేటి భౌతికశాస్త్రం అంగీకరించకపోయినా, అటువంటి ప్రయాణాల కథలను ఈ ప్రక్రియ నుంచి వెలివేయడం నాకు సమ్మతం కాదు. ఫాంటసీతో సరిహద్దు మాత్రం నాకింకా పూర్తిగా తేలలేదు.