విదేశాల్లో వైద్య సహాయ సంస్థల్లో పనిచేసిన నర్సులు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, పిల్లల వార్డులో ఏడేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. డాక్టర్స్ వితౌట్ బార్డర్స్‌కి అప్లై చేయాలని ఉంది. అదేనండీ, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న సంస్థ. జీతం కోసం కాదు, అది ఎక్కువ ఉండదని తెలుసు.

దక్షిణ సూడాన్‌లో పనిచేసి వచ్చిన ఒక డాక్టరుగారు మాకు పిల్లల జబ్బకు చుట్టి కొలిచే రంగుల టేపు చూపించారు. 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. నా బొటనవేలూ చూపుడువేలూ కలిపితే వచ్చే సున్నా అంత, అంతే! అలాంటి పిల్లలకు వేరుశనగ పేస్టు ప్యాకెట్లు ఇస్తారు. నీళ్లు కలపక్కర్లేదు, తల్లే ఇంట్లో తినిపించుకోవచ్చు. అప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

అమ్మకేమో ఒకటే టెన్షన్. "ముందు పెళ్లి, తర్వాత ఆఫ్రికా" అంటోంది. ఎల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారని చెప్పాను. ఆ జ్వరం పేరు వినగానే ఇంకా భయపడింది, చెప్పకుండా ఉండాల్సింది.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: అక్కడ రోజు ఎలా గడుస్తుంది? రాత్రిళ్లు ఒంటరిగా అనిపిస్తుందా? బిడ్డ దక్కని రోజున ఎలా తట్టుకున్నారు? నా ఫ్రెంచ్ సున్నా, పర్లేదా? తిరిగొచ్చాక ఇక్కడ ఉద్యోగం దొరికిందా?