సమస్య: బరువు నెత్తినట్టి పనియె సున్న

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదమిది. భౌతికశాస్త్రంలో పని అంటే బలాన్ని, ఆ బలం దిక్కున జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది. మరి బరువును పైకెత్తితే పని సున్న ఎలా అవుతుందన్నదే చిక్కు. నా ఇంటర్ విద్యార్థులు ఏటా తడబడేది ఇక్కడే. పద్యంతో పాటు భౌతికశాస్త్రమూ నిలబడాలి.

గిలక:
వేగమందు మార్పు వీసమెత్తయు లేక
చేద నూతినుండి చేరె గట్టు
లాగినట్టి చేయి లవమైనఁ జేయదు
బరువు నెత్తినట్టి పనియె సున్న

నిర్వాహకుడు: మొదటి పాదం నడక హాయిగా ఉంది. మూడో పాదాన్ని మాత్రం ఒప్పుకోలేను. తాడు బరువు, గిలక రాపిడి పక్కన పెడితే, 10 కిలోల చేదను 5 మీటర్లు లాగిన చేయి 490 జౌళ్ల పని చేసింది. చేతి నొప్పిని సాక్ష్యం పిలవకండి, చేదను కదలకుండా పట్టుకున్నా నొప్పి పుడుతుంది. తాడు వదిలి చూడండి: గిలక గిర్రున తిరిగి చేద దభాలున నీళ్లలో పడుతుంది. ఆ ఊపంతా చేయి దాచిపెట్టిన శక్తే. భూమి చేసిన పని ఋణ 490. సున్న అయ్యేది ఆ రెండింటి మొత్తం.

గిలక: తప్పు తెలిసింది. సవరణ:
చేద పైకి లాగఁ జేతిది ధనమైన
భూమి దానిఁ దుడిచెఁ బూర్తిగాను
వేగ మొక్కతీరు వెలయగ ఫలితాన
బరువు నెత్తినట్టి పనియె సున్న

గానుగ: బాగుంది. అయితే పాఠ్యపుస్తకాల్లో వడి వేరు, వేగం వేరు. వేగానికి దిక్కు కూడా ఉంటుంది. ఒకే వడితో తిరిగే గానుగెద్దు వేగం అడుగడుగునా మారుతూనే ఉంటుంది, అయినా ఫలిత పని (అన్ని బలాలూ చేసిన పనుల మొత్తం) సున్నే. "వడియు నొక్కతీరు వరలగ ఫలితాన" అంటే యతి కూడా చెడదు.

నిర్వాహకుడు: అలాగే ఉంచుదాం. "ఫలితాన" అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం.

తాటిమట్ట:
సమతలమ్ము మీద సాగెడి కూలికి
బలము నిలువు గాగ బాట యడ్డ
మయ్యె, నెంత దూరమైనను మోసిన
బరువు నెత్తినట్టి పనియె సున్న

నిర్వాహకుడు: "నెత్తిన, అట్టి" అని విరిచారు! సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు. మూట నేల నుంచి నెత్తికెక్కినప్పుడు జరిగిన పని సంగతి రాకుండా "సమతలమ్ము" కాపాడింది.

గిలక: ఒక సందేహం. చేద కదలడం మొదలైనప్పుడు వడి మారుతుంది కదా?

నిర్వాహకుడు: మారుతుంది, ఆ క్షణాన ఫలిత పని ధనమే. గట్టు దగ్గర ఆగేటప్పుడు అంతే ఋణం. అడుగున నిశ్చలం, గట్టున నిశ్చలం కనుక, మధ్యలో ఎంత కుదిపి లాగినా మొత్తం సున్నే.

గానుగ: అలాగైతే "ఒక్కతీరు" లేకుండానే ఇంకో పూరణ రాయవచ్చు. రేపు పంపుతాను.