నగరిలో ‘నా మూల’ ఎవరిది?

సభ్యులకు నమస్కారం. పాటల్లోని మాటలను తప్పుగా విని నవ్వులపాలైన సందర్భాలను పంచుకోమని మొన్న ఒకరు అడిగినప్పుడు ఎక్కువ మంది సినిమా పాటలనే ఉదాహరించారు. వాటిలో చాలావాటికి వాయిద్యాల హోరో, తెలుగు రాని గాయకుల ఉచ్చారణో కారణం కాబట్టి, నవ్వుకోవడం తప్ప అక్కడ చర్చించవలసింది పెద్దగా ఉండదని నా అభిప్రాయం. స్పష్టంగా, నిదానంగా, ఒక్క అక్షరమైనా జారిపోకుండా చదివినప్పటికీ తప్పుగా వినిపించే పద్యాలు మనకు కొల్లలుగా ఉన్నాయి. వాటిలో తప్పు చెవిది కాదు, సంధిది.

మా చెల్లెలి కొడుకు మూడో తరగతిలో ఉండగా పోతన గారి గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యాన్ని కంఠతా పట్టి, గడగడ అప్పజెప్పి, దానికి తోడుగా ఒక బొమ్మ కూడా వేసి చూపించాడు. ఆ బొమ్మలో చెరువుంది, మొసలి ఉంది, మొసలి నోట తోక చిక్కి ఏడుస్తున్న ఐదు పడగల పాము ఉంది. ఏనుగేదిరా అని అడిగితే, ‘విహ్వల నాగేంద్రము పాహి పాహి యన’ అని పద్యంలోనే ఉంది కదా మామయ్యా అన్నాడు. నాగమనే మాట పాముకూ ఏనుగుకూ కూడా చెల్లుతుందని వాడికి చెప్పవలసి వచ్చింది. (పడగలు చక్కగా కుదిరాయని మెచ్చుకున్నాను కూడా.) వైకుంఠంలో ‘నా మూల’ అంటే పోతన గారు ఉండే మూల అనీ, ‘నాపన్న’ అన్నచోట ఉన్నది ఆ నెలలోనే ఊడిన తన పన్ను వంటిదేదో అనీ వాడు నమ్మినట్లు ఆ తరువాత బయటపడింది.

ఈ రెండు పొరబాట్లకూ మూలం సంధిలో వచ్చే నకారమే. ‘నగరిలోన్’ మీద ‘ఆ మూల’ వచ్చి చేరినప్పుడు, ముందు మాట చివర ఉన్న నకారం (దీన్నే ద్రుతం అంటారు) పక్క మాట అచ్చును పట్టుకొని అటు వెళ్లిపోతుంది. ‘అగు’ మీద ‘ఆపన్న’ (ఆపదలో ఉన్నవాడు) వచ్చి చేరినప్పుడు నకారం నడుమ కొత్తగా వచ్చి చేరుతుంది, దీన్ని నుగాగమం అంటారు. పైగా ‘నా మూల’ ఉన్న పాదంలోనే ‘నగరి’ అన్నచోట ఉన్న నకారం ఆ మాటకు సొంతం. ఒకటి సొంతం, ఒకటి అరువు. రెంటికీ ఉన్న తేడా చెవికి తెలిసే ఉపాయం లేదు. ఛందస్సుకు మాత్రం తెలుసు. ఇది మత్తేభమనే వృత్తం కనుక పాదానికి 20 అక్షరాలు, 14వ అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు. వేళ్లు మడిచి లెక్కపెట్టి చూడండి, పద్నాలుగోది సరిగ్గా ఈ ‘నా’యే అవుతుంది. పాదం మొదలైనది అకారంతో. దానికి లోపల దాగిన ఆకారంతో మైత్రి కుదురుతుంది గాని నకారంతో కుదరదు. అంటే అక్కడున్నది ‘ఆ మూల’ అని పోతన గారే లెక్క కట్టి ముద్ర వేసి ఉంచారన్నమాట.

‘సిరికిం జెప్పఁడు’ పద్యం ఈ విషయంలో ఇంకా పెద్ద గని. అందులోని ‘యుగముం జేదోయి’ని వేసవి సెలవుల్లో నేర్చుకున్నందువల్ల కాబోలు, శంఖచక్రాలతో పాటు ముంజెలు కూడా వదిలేసి స్వామి పరుగెత్తాడని చిన్నతనంలో నేను అనుకున్నాను. చేదోయి అంటే రెండు చేతులనీ, ద్రుతం మీద చకారం జకారంగా మారిందనీ తెలిసేసరికి హైస్కూలుకు వచ్చాను. ‘పరివారంబునుఁ జీరఁడు’లో చీర లేదు, చీరడమంటే పిలవడం. ఇక ‘అభ్రగపతిం బన్నింపఁడు’ అంటే గరుత్మంతుణ్ణి ప్రయాణానికి సిద్ధం చేయించడని అర్థం కాగా, ‘మన్నింపడు’ అని చదివి, పాపం ఆ పక్షి చేసిన నేరమేమిటో చెప్పకుండానే ముందుకు వెళ్లిపోయేవారున్నారు. ఇక్కడ కూడా యతే సాక్షి: పాదం మొదటి పకారానికి బకారం చెల్లుతుంది, మకారం చెల్లదు.

పాటలో యతి కాపలా ఇంత గట్టిగా ఉండదు. ‘క్షీరాబ్ధి కన్యకకు’ అనే అన్నమయ్య మంగళహారతిలో ‘నీరజాలయకును నీరాజనం’ అని ఉండవలసిన చోట ‘నీరజాలయమునకు’ అని పాడడం చాలాచోట్ల వినిపిస్తుంది. నీరజాలయ అంటే తామరపువ్వు ఇల్లుగా గల అమ్మవారు. నీరజాలయము అంటే ఆ పువ్వనే ఇల్లు. ఇల్లాలు ఎదుటనే నిలుచుని ఉండగా హారతి ఇంటికి పట్టినట్లయింది.

జవాబు:

మాస్టారికి నమస్కారం. ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలోనే ‘సౌధంబు దా’ దగ్గర పాదం ముగుస్తుంది కనుక మా అమ్మమ్మ గారు అక్కడ ఊపిరి తీసుకుని ‘పల మందార’ అని ఎత్తుకునేవారు. ముద్దమందారం, రేకమందారం ఉన్నట్లే పలమందారమనేది కూడా ఒక రకమనుకుని నేను పెరట్లో వెతికాను. అరక దున్నేటప్పుడు తాతగారు ఎడమ పక్క ఎద్దును దాపటిదని పిలవడం ఎన్నిసార్లు విన్నా, ఆ మాటా పద్యంలోని ‘దాపల’ ఒకటేనని తట్టలేదు. ‘దాపు’తో కలిపి సమీపమని చెప్పేవారు కూడా ఉన్నారు గాని, నాకు ఎద్దు చెప్పిన అర్థమే రుచిస్తుంది. సంధితో పని లేకుండా పరభాష వల్ల జరిగేది ఇంకొకటి: జాతీయగీతంలో ‘జాగే’ అంటే మేల్కొనడం, ‘మాగే’ అంటే కోరడం, బడిలో మాకు మాత్రం ఒకటి జాగు చేయడం, రెండవది గడ్డిలో పెట్టిన మామిడికాయ మాగడం.

హారతి విషయం మీరు వ్రాసింది చదివి నిన్న సాయంత్రం దీపం దగ్గర ‘నీరజాలయకును’ అని పాడాను. మా అత్తయ్య గారు మధ్యలోనే ఆపి, మాట తప్పు పోయిందమ్మా అని సరిదిద్దారు.