పెడల్ విప్పి గ్రీజు పెట్టాలా, నూనె చుక్కలు సరిపోతాయా?

ఉప్పుగాలి (ఒంగోలు): రోజూ కొత్తపట్నం దాకా సైకిల్ మీద వెళ్లి వస్తాను. పెడల్ కిర్రుమంటోంది. షాపులో నూనె చుక్కలు వేసి పంపారు. వారం తిరగకముందే మళ్లీ అదే మోత. విప్పించాలా?

పెన్నాఒడ్డు (నెల్లూరు): తప్పకుండా. పెడల్ చివరి మూత తీస్తే లాక్ నట్, వాషర్, బేరింగ్ బాల్స్‌ను పట్టి ఉంచే కోన్ వస్తాయి. కింద గుడ్డ పరవండి, లేకపోతే బాల్స్ దొర్లిపోతాయి. కిరోసిన్‌తో కడిగి, ఆరాక గ్రీజు పూసి బాల్స్ అందులో కూర్చోబెట్టాలి. పనితనమంతా కోన్ బిగింపులోనే ఉంది: పెడల్ ఊగకూడదు, తిప్పితే పట్టేయకూడదు. క్రాంక్‌లోకి, అంటే పెడల్ బిగించే కడ్డీలోకి, ఎక్కే మరకూ కొంచెం గ్రీజు పూయండి. ఉప్పుగాలికి ఇనుము అల్యూమినియంలో పట్టేస్తే ఇక ఊడదు. నూనె మాత్రం వద్దు, ఉన్న గ్రీజును కూడా కరిగించి బయటికి తెస్తుంది.

పాతపానా (కావలి): మా నాన్న కాలం నుంచి నూనే వేస్తున్నాం. ఇస్కపల్లి ఉప్పు మడులకు వెళ్లే సైకిళ్లు మా దగ్గరికే వచ్చేవి. ఒక్క పెడలూ ఊడి పడలేదు.

గంటలేనిబండి: కొన్ని ప్లాస్టిక్ పెడళ్లకు విప్పడానికి మూతే ఉండదు. అరిగితే మార్చడమే.

పెన్నాఒడ్డు: ఊడి పడటం గురించి ఎవరడిగారు? మీలాంటి ఒక షాపులోనే నా ఎడమ క్రాంక్‌లోకి కుడి పెడల్‌ను బలవంతంగా ఎక్కించారు. మర మొత్తం పోయింది.

పాతపానా: ఎడమ పెడల్‌కు ఎదురు మర, ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది అని మాకు మీరు చెప్పాలా? 15 ఎంఎం పానా పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగితే ఏ పెడలైనా ఊడుతుంది. ఆ షాపు నాది కాదు.

పెన్నాఒడ్డు: కొత్త క్రాంక్ ఖర్చు మాత్రం నాదే.

గంటలేనిబండి: అసలు మోత పెడల్‌దేనా? పాత రకం సైకిలైతే క్రాంక్‌ను ఇరుసుకు బిగించే కాటర్ పిన్ వదులైనా చప్పుడొస్తుంది. అదెవరూ అడగలేదు.

పెన్నాఒడ్డు: చుక్క నూనె వేసి సర్వీసు అని డబ్బు తీసుకునేవాళ్లను మెకానిక్కులు అనను.

పాతపానా: గ్రీజు సంగతి తెలియక కాదండీ. రెండు పెడళ్లు విప్పి, కడిగి, అరిగిన బాల్స్ ఏరి, కోన్ సరిచూసి బిగించాలంటే తీరిగ్గా కూర్చుని చేయాలి. దానికి కూలి అడిగితే ‘ఆ డబ్బుకు కొత్త పెడళ్లే వస్తాయి’ అంటారు. నూనె వేస్తే చిల్లర చేతిలో పెట్టి వెళ్తారు. వేలు పోసి గేర్ల సైకిల్ కొన్నవాళ్లే ఎక్కువ గీచి బేరమాడతారు. మా అబ్బాయి షాపులో కూర్చోనంటున్నాడు. వాడినేమని తిట్టను?

పెన్నాఒడ్డు: ఆ మాట మొదటే చెప్పాల్సింది. నూనెకు ఇంత, గ్రీజుకు ఇంత అంటే ఏది కావాలో మేము చెబుతాం. మా తరఫున చవకది మీరే ఎంచుకుని, అదే మంచిదని వాదిస్తే ఎలా?

పాతపానా: చెప్పి చూశాను. నవ్వి వెళ్లారు.

ఉప్పుగాలి: నేను గ్రీజుకే ఇస్తాను. కావలి దూరమైపోయింది కానీ.

గంటలేనిబండి: షాపు ముందు పలక మీద ధరలు రాయండి.

పాతపానా: రాస్తాను. బేరమాడితే తుడిచేస్తాను.