అప్‌డేట్: వెనక్కి దువ్వి కట్టిన డ్రెడ్‌లాక్స్ విడిపోవడానికి కారణం మైనం

పర్లాకిమిడి నుంచి జూన్‌లో అడిగింది నేనే: దువ్వెనతో కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి, చిక్కుపరిచి కట్టిన జడలు (డ్రెడ్‌లాక్స్) రెండు వారాలకే జారిపోతున్నాయి, మాడు దురద, ముక్కిన వాసన, విప్పేసి సహజంగా కట్టనివ్వాలా అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

జడలు నిలవడానికి రాస్తున్న మైనం మానేయమన్న మాటే పనిచేసింది. అది వెంట్రుకల్ని అతికిస్తుంది గానీ చిక్కుపడనివ్వదు, పైగా లోపలి తడిని పట్టి ఉంచుతుంది. ఈ వానల్లో ఇంకా ఎక్కువ. చర్మ డాక్టరు మాడు మీద ఫంగస్ అన్నారు: కీటోకోనజోల్ షాంపూ, వారానికి రెండుసార్లు, 5 నిమిషాలు ఉంచి కడగడం. తలస్నానం పొద్దున్నే చేసి, తువ్వాలుతో గట్టిగా పిండి, ఫ్యాన్ కింద లోపలిదాకా ఆరనివ్వాలి. ఆరాక మొదళ్లు వేళ్లతో విడదీయాలి, లేదంటే పక్క జడలు కలిసిపోతాయి.

బోరు నీళ్ల వల్లేమో అనుకున్నా గానీ, నా విషయంలో వాటికి సంబంధం లేదు. విప్పక్కర్లేదు కూడా, దువ్వినా దువ్వకపోయినా గట్టిపడడానికి నెలలు పట్టేదే. పాత మైనం మాత్రం వేడినీళ్లకు కొంచెం కొంచెంగానే దిగుతోంది.