పేమెంట్ పేజీ ఎనిమిది నెలలుగా టెస్ట్ మోడ్‌లోనే ఉంది, ఆ చివరి అడుగు మీరంతా ఎలా వేశారు?

లెక్కల_పుస్తకం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మీరు రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పగలు అకౌంట్స్ ఉద్యోగం, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత నా సొంత పని. ఫ్రీలాన్సర్ల కోసం ఎక్సెల్ టెంప్లేట్లు తయారు చేశాను. ఇన్వాయిస్‌లు, ఎవరు ఎంత బాకీ, నెలలో ఎంత వచ్చింది, ఎంత పోయింది, అన్నీ ఒకే ఫైల్‌లో కనిపిస్తాయి. మొత్తం నాలుగు టెంప్లేట్లు, అవి పూర్తయి ఎనిమిది నెలలైంది. వెబ్‌సైట్ కూడా ఉంది. మొన్న డొమైన్ రెన్యూవల్ మెయిల్ వచ్చింది, అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఏడాది కావస్తోంది, ఒక్క టెంప్లేట్ కూడా అమ్ముడుపోలేదు. ఎవరూ కొనక కాదు, నేను ఇంకా అమ్మకానికే పెట్టలేదు.

ఈ ఎనిమిది నెలలూ ఖాళీగా కూర్చోలేదు. లోగో నాలుగుసార్లు మార్చాను. థీమ్ మూడుసార్లు. ఎస్‌ఈఓ (గూగుల్ లాంటి వాటిలో వెతికితే మన సైట్ పైన కనిపించేలా చేయడం) మీద ఒక కోర్సు, యాడ్స్ మీద ఒక కోర్సు పూర్తి చేశాను, ఈమెయిల్ మార్కెటింగ్ కోర్సు సగంలో ఉంది. రోజూ పన్నెండు దాకా కూర్చుంటాను, అలిసిపోయి పడుకుంటాను, పని చేశాననే అనిపిస్తుంది.

పోయిన ఆదివారం ఎలాగైనా సరే అని పేమెంట్ గేట్‌వే (సైట్‌లో కొన్నవాళ్ల డబ్బు మనకు చేర్చే సర్వీసు) డాష్‌బోర్డ్ తెరిచాను. పైన 'టెస్ట్ మోడ్' అని బటన్ ఉంటుంది కదా, అది మార్చేదాకా నిజం డబ్బు రాదు, దాని మీద మౌస్ పెట్టాను. అప్పుడే రీఫండ్ పాలసీ పేజీలో అక్షరాలు మిగతా పేజీల కంటే చిన్నగా ఉన్నాయేమో అనిపించింది. అది సరిచేసి వద్దామని వెళ్లాను. రెండు గంటలు దాని మీదే. తర్వాత లాప్‌టాప్ మూసేశాను.

ఆఫీసులో నెలాఖరు లెక్కలు ఎప్పుడూ గడువు కంటే ముందే ఇస్తాను, అక్కడ ఎవరూ నన్ను బద్ధకస్తుడు అనరు. మరి నా సొంత పనికి వచ్చేసరికి చేతులెందుకు ఆడవు? 'ధైర్యం చెయ్యి, నువ్వు చేయగలవు' లాంటి మాటలు వద్దండి, అవి చాలా విన్నాను. మీరు ఈ స్థితిలో ఉన్నప్పుడు సరిగ్గా ఏం చేసి బయటపడ్డారో చెప్పండి చాలు.

---

గీతలు_రంగులు

మీ పోస్ట్ చదువుతుంటే నా మూడేళ్ల కిందటి డైరీ చదివినట్టుంది.

ముందు ఒక్క మాట. మీరు చేసిన పనుల జాబితా ఇంకోసారి చూసుకోండి: లోగో, థీమ్, కోర్సులు, అక్షరాల సైజు. వీటిలో ఏ ఒక్కదానికీ మీకు 'వద్దు' అని చెప్పే అధికారం లేదు. థీమ్ మీ మొహం మీద 'నాకు అక్కర్లేదండి' అనదు కదా. మిగిలిపోయిన ఒక్క పనిలోనే అవతల ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషి కాదనవచ్చు. మీకు బద్ధకం లేదు, ఆ ఒక్క క్షణాన్ని తప్పించుకోవడానికి మీరు ఎనిమిది నెలలు చాలా కష్టపడి పనిచేశారు. ఇది నిందగా అనడం లేదు, నేనూ అచ్చం అంతే.

నేను ఆన్‌లైన్‌లో బొమ్మలు వేయడం నేర్పిస్తాను. మొదటి బ్యాచ్ గురించి తెలిసినవాళ్లకు మెయిల్ పంపాలి, అంతే పని. ఆ మెయిల్ మూడు వారాలు డ్రాఫ్ట్స్‌లో ఉండిపోయింది. రోజూ తెరవడం, మొదటి వాక్యం మార్చడం, మూసేయడం. ఒకరోజు 'ప్రియమైన' తీసేసి 'నమస్తే' అని పెట్టాను, మర్నాడు మళ్లీ 'ప్రియమైన' పెట్టాను. అలా మారుస్తున్నప్పుడు నాకు కనిపించేది ఎవరి మొహమో ఒకరోజు గట్టిగా ఆలోచించాను. కొనేవాళ్లది కాదు. నాతో పాటు బొమ్మలు నేర్చుకుని నాకంటే బాగా వేసే ఒక స్నేహితురాలిది! తను చూసి 'ఇది కూడా నేర్పిస్తోందా' అనుకుంటుందేమోనని. తనేమో నా క్లాసులో చేరే మనిషే కాదు.

అది తెలిశాక పని చిన్నదైంది. అందరికీ పంపే మెయిల్ పక్కన పెట్టేసి, బొమ్మలు నేర్చుకోవాలని ఎప్పుడో ఒకప్పుడు నాతో అన్నవాళ్ల పేర్లు రాసుకున్నాను. ఏడుగురు. ఒక్కొక్కరికీ విడిగా, ఫోన్‌లో మెసేజ్ పెట్టినట్టే నాలుగు లైన్లు. నలుగురు జవాబే ఇవ్వలేదు. ఇద్దరు ఇప్పుడు కుదరదన్నారు. ఒకరు చేరారు. ఆ ఒక్కరితోనే ఆరు వారాలు క్లాసు నడిపాను, తర్వాతి బ్యాచ్‌కి ఆవిడే ఇద్దరిని తెచ్చారు.

ఇంకోటి, అన్నీ సిద్ధమయ్యాకే తెరవాలన్న లెక్క పెద్ద వ్యాపారాలకే లేదు. జాపోస్ సంగతి తెలిసే ఉంటుంది, చెప్పులూ బూట్లూ అమ్మే సైట్. 1999లో దాన్ని మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ దగ్గర సరుకే లేదు. షాపులకెళ్లి బూట్ల ఫోటోలు తీసుకుని సైట్‌లో పెట్టాడు, ఎవరైనా ఆర్డర్ ఇస్తే అదే షాపులో కొని పంపాడు. ఒక్కో జత మీద ఎంత మిగులుతుందన్నది అప్పటికి అతని ప్రశ్న కాదు. చూడకుండా, వేసుకోకుండా జనం బూట్లు కొంటారా లేదా అన్నదే తెలుసుకోవాలనుకున్నాడు. మీ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది, సరుకు తయారై కూర్చుంది.

మీ ఫైల్ అవసరమయ్యే ఫ్రీలాన్సర్లు మీకు ఎంతమంది తెలుసు? ఐదుగురి పేర్లు రాయండి, వెబ్‌సైట్ ఊసే ఎత్తకుండా.

---

నిదానమే_ప్రధానం

పై జవాబుతో దాదాపు ఏకీభవిస్తాను. ఈ విషయం మీద కొంత చదివాను, పనికొచ్చినవి చెప్తాను.

వాయిదా వేయడం టైం మేనేజ్‌మెంట్ సమస్య అని చాలాకాలం అనుకున్నారు. ఫుషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో రాసిన పేపర్‌లో దీన్ని భావోద్వేగాలతో ముడిపెట్టారు: పని తలుచుకుంటే వచ్చే టెన్షన్‌ని అప్పటికప్పుడు తగ్గించుకోవడానికి మనం పక్కకి తప్పుకుంటాం, ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, బిల్లు మాత్రం రేపటి మనమే కట్టాలి. మీరు రీఫండ్ పేజీకి వెళ్లగానే గుండె దడ తగ్గి ఉంటుంది, అవునా? మెదడు నేర్చుకునేది అదే. అందుకే ఇంకో ప్లానర్ యాప్ పెట్టుకున్నా మీకు ఫలితం ఉండదు.

రెండోది, మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. మాటవరసకి అనడం లేదు. 2010లో మైఖేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ కలిసి యూనివర్సిటీ విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకుంటున్న కొద్దీ ఆ పని పేరెత్తితేనే కంపరంగా ఉంటుంది, ఇంకా దూరం జరుగుతాం. ఎనిమిది నెలలు పోయాయి, పోనివ్వండి.

మూడోది అచ్చంగా చేసే పని. 'ఈ వారం లాంచ్ చేస్తా' అనేది ఒక కోరిక, అంతే. పీటర్ గోల్‌విట్సర్ అనే మనస్తత్వవేత్త 1990లలో చూపించిన పద్ధతి ఏంటంటే, 'ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను' అని ముందే కట్టేసుకోవడం. మీకైతే ఇలా: 'పొద్దున పళ్లు తోముకుని వచ్చి లాప్‌టాప్ తెరవగానే, ఇంకే ట్యాబ్ తెరవకుండా మొదటి మెసేజ్ పంపుతాను.' ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో ముందే తేలిపోతే ఆ క్షణంలో మనసుతో బేరాలు ఉండవు.

పొద్దున అని కావాలనే అన్నాను. ఇక్కడ మాత్రం గీతలు_రంగులు గారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను, అంతా భయమే కాదు, అలసట కూడా ఉంది. రోజంతా లెక్కలు చూసి రాత్రి తొమ్మిదిన్నరకు కూర్చుంటే, భయపెట్టే పని చేసే ఓపిక ఎవరికీ మిగలదు, వీడియోలు చూసే ఓపికే మిగులుతుంది. రాత్రి కూర్చునే రెండున్నర గంటలు వదిలేసి పొద్దున ఇరవై నిమిషాలు తీసుకోండి. నా విషయంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఇదే.

గడువుల గురించి కూడా ఒక మాట. 1994లో రోజర్ బ్యూలర్ బృందం విద్యార్థులను మీ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, నిజంగా పట్టింది 55 రోజుల పైనే. అంచనాలు తప్పడం మనిషి స్వభావం. కాబట్టి 'వారంలో నాలుగు టెంప్లేట్లూ లైవ్' అని పెట్టుకోకండి. ఒకటి చాలు.

---

ఆర్డర్_నెంబర్_1

పెద్దగా చెప్పడానికి లేదు, ఈ రాత్రే చేయాల్సిన పని చెప్తాను.

చాలా గేట్‌వేలలో బటన్ నొక్కగానే లైవ్ అయిపోదు. గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు అడుగుతారు, సైట్‌లో రీఫండ్ పాలసీ, నిబంధనలు, సంప్రదించే చిరునామా ఉన్నాయా అని చూస్తారు, దానికి కొన్ని రోజులు పట్టొచ్చు. మీరు ధైర్యం కూడగట్టుకుని నొక్కిన రోజు 'పరిశీలనలో ఉంది' అని వస్తే మళ్లీ నీరుగారిపోతారు. అందుకని కాగితాలు ఇప్పుడే అప్‌లోడ్ చేసేయండి. ఈ పనిలో భయపడేదేం లేదు, ఫారం నింపడమే, మీరు రోజూ చేసేదే.

లైవ్ అయ్యాక మొదటి కస్టమర్ మీరే అవ్వండి. మీ సొంత కార్డుతో కొనండి. డబ్బు కట్ అయిందా, మెయిల్ వచ్చిందా, వస్తే స్పామ్‌లోకి పోయిందా, డౌన్‌లోడ్ లింక్ ఫోన్‌లో తెరుచుకుంటోందా చూసి, తర్వాత మీకు మీరే రీఫండ్ ఇచ్చుకోండి. ఫీజు కొద్దిగా పోవచ్చు, పోనీ. డబ్బు వచ్చే దారి, వెనక్కి వెళ్లే దారి రెండూ ఒకసారి కళ్లతో చూశాక సగం టెన్షన్ పోతుంది. నాకు పోయింది.

---

మూసేసిన_దుకాణం

అందరూ ముందుకు వెళ్లమంటున్నారు, నేను ఇంకో వైపు నుంచి చెప్తాను, నిరుత్సాహపరచాలని కాదు.

నేను కూడా ఏడాదిన్నర ఇలాగే ఒక సైట్ పట్టుకుని కూర్చున్నాను. అందరూ భయం అన్నారు, నేనూ భయమే అనుకున్నాను. చివరికి తెరిచాను, ఆర్డర్లు కూడా వచ్చాయి. వచ్చాక తెలిసింది, ఆర్డర్ వచ్చిన శబ్దం వింటేనే నాకు విసుగొచ్చేది. వస్తువు తయారు చేయడం ఇష్టం, అమ్మడం, తర్వాత వచ్చే ఫోన్లకు జవాబులివ్వడం బొత్తిగా ఇష్టం లేదు. నాలుగు నెలలు నడిపి మూసేశాను, ఇప్పుడు అదే పని వేరేవాళ్లకు చేసిస్తున్నాను, సుఖంగా ఉన్నాను.

నా బాధల్లా తెరవకుండా గడిపిన ఆ ఏడాదిన్నర గురించే. మూసేయాలని తెలుసుకోవడానికి కూడా తెరవాల్సిందే కదా. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, నేను ఇల్లు అలుకుతూనే ఉండిపోయాను. మీకు అమ్మడం ఇష్టమో కాదో లోగో చెప్పదు, ఐదుగురికి అమ్మి చూస్తే మీకే తెలుస్తుంది. ఇష్టం లేదని తేలినా అది ఓటమేం కాదు.

---

లెక్కల_పుస్తకం (అడిగినవారు)

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఆ రాత్రే కాగితాలు అప్‌లోడ్ చేశాను. ఐదుగురి పేర్లు రాయమంటే మొదట ఇద్దరే గుర్తొచ్చారు, ఫోన్ కాంటాక్ట్స్ మొత్తం జరిపితే ఆరుగురు దొరికారు. ఎవరి మొహం కనిపిస్తోందన్న ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. మా ఆఫీసులో నా సీనియర్. నేను చేసిన ప్రతి షీట్‌లో ఒక తప్పు పట్టుకుంటారు. ఆయన నా సైట్ చూసే అవకాశమే లేదు, అయినా ఎనిమిది నెలలుగా ఆయన చూస్తారనుకుంటూనే అన్నీ దిద్దుతున్నాను. ఇది తెలిసిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

పొద్దున ఆరున్నరకు మొదటి మెసేజ్ పంపాను. పంపేముందు రెండుసార్లు చెరిపాను, నిజం. రెండోది తేలిగ్గా వెళ్లింది. నాలుగో రోజుకి ఆరుగురికీ వెళ్లింది. ముగ్గురి నుంచి జవాబు లేదు. ఒకరు తమకు వేరే సాఫ్ట్‌వేర్ ఉందన్నారు, మర్యాదగానే చెప్పారు, ఏమీ కూలిపోలేదు. ఒకరు కొన్నారు! డబ్బు వచ్చిన మెయిల్ ఆఫీసులో ఉండగా చూశాను, మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడి ఇంకోసారి చదువుకున్నాను.

ఆరో ఆయన 'నేను ఎక్సెల్ వాడను, గూగుల్ షీట్స్‌లో తెరుచుకుంటుందా' అని అడిగారు. నాకు తట్టనే లేదు ఈ ప్రశ్న. వేసి చూస్తే లెక్కలన్నీ బాగానే వచ్చాయి గానీ, ఇన్వాయిస్ నంబర్ తనంతట తాను పడేలా పెట్టిన బటన్ కదలడం లేదు, అది ఎక్సెల్ మాక్రో (ఎక్సెల్ లోపల రాసే చిన్న ప్రోగ్రామ్) కాబట్టి అక్కడ నడవదు. ఆ బటన్ మీదే నేను రెండు వారాలు కూర్చున్నాను. ఇప్పుడు అది తీసేసి మామూలు ఫార్ములాతో నంబర్ వచ్చేలా చేస్తున్నాను, గురువారానికి పంపుతానని ఆయనకు మాట ఇచ్చాను. షీట్స్‌లో ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, పాత నంబర్లు మారిపోకుండా కొత్త వరుస చేరినప్పుడు మాత్రమే నంబర్ పడాలంటే ఏం చేయాలో చెప్పండి, వరుసలు సార్ట్ చేస్తే నంబర్లన్నీ తారుమారవుతున్నాయి.